నిలువు ఫొటోలు, అడ్డ తెర: ఫొటో వీడియో చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

షష్టిపూర్తికో, పెళ్ళికో, పెద్దవారి సంవత్సరీకానికో ఇంట్లోని ఫొటోలన్నీ పోగుచేసి వీడియో చేద్దామని కూర్చున్నవారు మొదటి గంటలోనే ఒకచోట చిక్కుకుంటారు. ఫొటోల్లో సగానికి పైగా నిలువువి. టీవీ, ప్రొజెక్టర్, హాలులోని ఎల్ఈడీ తెర మాత్రం అడ్డం. పక్కల మిగిలే ఖాళీని ఏమి చేయాలన్నదే నన్ను అందరూ అడిగే సందేహం. అడిగినప్పుడల్లా విడివిడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. పని జరిగే వరుసలో ఉన్నా, ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

ఒక మాట ముందే చెబుతాను. నిలువు ఫొటోలో లోపమేమీ లేదు. నిలబడ్డ మనిషి ఆకారానికి తగిన ఆకారమది. తెర నింపాలన్న తొందరలో ఆ మనిషిని కోయకూడదు, సాగదీయకూడదు. నా జవాబులన్నీ ఈ పట్టింపు నుంచి వచ్చినవే.

## ఫొటోలు పోగుచేసేటప్పుడు

బంధువులందరినీ వాట్సాప్‌లో ఫొటోలు పంపమన్నాను. అవి సరిపోతాయా?

ఫొటో మొత్తం కనిపించేలా తెర మధ్యలో పెట్టుకుంటే సరిపోతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకు కుదించుకుపోతుంది. నిలువు ఫొటో అయితే దాదాపు 1200×1600 అవుతుంది. మామూలు వీడియో ఫ్రేము, అంటే తెర చట్రం, 1920 పిక్సెళ్ళ వెడల్పు, 1080 ఎత్తు ఉంటుంది. 1080 ఎత్తున్న ఆ ఫ్రేములో అది చక్కగా కనిపిస్తుంది. కానీ దానితో తెర వెడల్పంతా నింపాలంటే 1200ను 1920కి పెంచాలి. అంటే 160 శాతానికి సాగాలి. అప్పుడు ముఖం మైనపు బొమ్మలా నునుపుగా, నిర్జీవంగా కనిపిస్తుంది. అందుకే ముఖ్యమైన ఫొటోలను డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. అలా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. పెద్దవారికి ఫోనులో చెప్పి చేయించడం కష్టమైతే, వారింటికి వెళ్ళినప్పుడు కేబుల్ పెట్టి మీరే తెచ్చుకోండి. ఆ పూట బీరువాలో నుంచి మీరు ఎరగని ఆల్బం కూడా బయటకు రావచ్చు.

పాత ఆల్బం ఫొటోలను ఎంత రిజల్యూషన్‌తో స్కాన్ చేయాలి?

ఫొటో ఎంత చిన్నదైతే స్కాన్ రిజల్యూషన్ అంత పెంచాలి. 4×6 అంగుళాల ఫొటోను 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలతో) స్కాన్ చేస్తే 1200×1800 పిక్సెళ్ళు వస్తాయి. కదలిక లేకుండా చూపించడానికి ఇది చాలు. 600 డీపీఐతో చేస్తే 2400×3600 వస్తాయి కాబట్టి ముఖం దగ్గరకు వెళ్ళడానికీ వీలుంటుంది. 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫొటోకు 1200 డీపీఐ పెట్టండి. వెడల్పు 1650 పిక్సెళ్ళ దాకా వస్తుంది. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోను బలవంతంగా లాగవద్దు. పేజీ మొత్తాన్ని స్కానర్ మీద బోర్లించి, కావలసిన ఫొటోను తరువాత కంప్యూటర్‌లో వేరు చేసుకోవచ్చు. పత్రికలో పడిన ఫొటో అయితే అచ్చు చుక్కల వల్ల అలల్లాంటి మచ్చలు వస్తాయి. స్కానర్‌లో డీస్క్రీన్ అనే సదుపాయం ఉంటే ఆన్ చేయండి.

తాతయ్య ఫొటో పటం కట్టి గోడకు ఉంది. అద్దంలో నా నీడ పడుతోంది. ఎలా తీయాలి?

పటాన్ని దించి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన గోడకు ఆనించండి. వెలుతురు పక్కనుంచి రావాలి. ఫ్లాష్, గదిలోని లైట్లు ఆపండి. రెండడుగులు వెనక్కి జరిగి, ఫోనులో రెండు రెట్లు జూమ్ చేసి తీస్తే అంచులు వంకర పోవు. ఇంకా ప్రతిబింబం కనిపిస్తుంటే, మీ వెనుక ఇద్దరిని నల్ల దుప్పటి పట్టుకుని నిలబడమనండి. దశాబ్దాల నాటి పటాల్లో ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటుంది. విడదీస్తే ముఖమే లేచి వస్తుంది కాబట్టి ఆ పని చేయవద్దు. అద్దం మీద కుంకుమ బొట్టు ఉంటే తుడవమని నేను అడగను. అదే మనిషిది మరో ఫొటో ఉందేమో అడుగుతాను.

ఐఫోను ఫొటోలు నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవడం లేదు. పాడయ్యాయా?

పాడవలేదు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫొటోలను హెచ్ఈఐసీ అనే రకంలో దాస్తున్నాయి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవలేవు. అన్నింటినీ ఒకేసారి జేపెగ్‌గా మార్చుకుని పని మొదలుపెట్టండి. అసలు ఫైళ్ళను మాత్రం చెరపకుండా వేరే ఫోల్డరులో ఉంచండి.

ఇంకా కొన్ని ఫొటోలు తీయాల్సి ఉంది. అన్నీ అడ్డంగానే తీయమని చెప్పాలా?

గుంపు ఫొటోలు అడ్డంగా తీయమనండి. ఒక్కరే నిలబడి ఉంటే నిలువుగా ఒకటి, అదే చోటు నుంచి అడ్డంగా ఒకటి తీయమనండి. అడ్డంగా తీసేటప్పుడు మనిషి సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటే, రెండో పక్క పేరు రాయడానికి చోటు మిగులుతుంది.

## ప్రాజెక్టు తెరిచేటప్పుడు

ఫోనులో ఫొటో నిండుగా ఉంది. వీడియోలో పెట్టగానే రెండు పక్కలా నల్ల పట్టీలు ఎందుకు వస్తున్నాయి?

రెండింటి ఆకారాలు వేరు కాబట్టి. మామూలు వీడియో ఫ్రేము 1920×1080, అంటే వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. ఫోను నిలువు ఫొటో సాధారణంగా 3:4. దాన్ని 1080 ఎత్తుకు సరిపెడితే వెడల్పు 810 మాత్రమే వస్తుంది. ఒక్కో పక్క 555 పిక్సెళ్ళు మిగిలిపోతాయి. అంటే ఫొటో తెరలో 42 శాతం చోటే తీసుకుంటుంది. పెద్ద కెమెరా తీసే 2:3 ఫొటో వెడల్పు 720, తెరలో 37.5 శాతం. ఫోను తెరంత పొడుగున్న 9:16 ఫొటో సుమారు 608, మూడో వంతు కూడా లేదు. సాఫ్ట్‌వేర్ తప్పేమీ చేయలేదు. ఫొటోను కోయకుండా మీకు అప్పగించి, ఆ ఖాళీని ఏమి చేయాలో మీ నిర్ణయానికి వదిలిపెట్టింది.

నా ఫొటోలన్నీ నిలువువే. ప్రాజెక్టునే నిలువుగా పెట్టుకోవచ్చు కదా?

చూసేవారు ఫోనులో చూస్తారా, హాలులో చూస్తారా? ఫోనులోనే అయితే 1080×1920 పెట్టుకోండి, హాయిగా సరిపోతుంది. టీవీలోనో, పెద్ద తెర మీదో వేయాలంటే అడ్డ ప్రాజెక్టే మంచిది. నిలువు వీడియోను అడ్డ తెర మీద ఆడిస్తే మొదటి ఫొటో నుంచి చివరి ఫొటో దాకా మూడింట రెండు వంతుల తెర ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ మీద మీకు ఎలాంటి అదుపూ ఉండదు.

1080 చాలా, 4కే పెట్టాలా?

స్కాన్లు, వాట్సాప్ ఫొటోలు ఎక్కువగా ఉంటే 1080 చాలు. ఫొటోలన్నీ కెమెరా నుంచి నేరుగా వచ్చినవై, పెద్ద 4కే టీవీలో చూపిస్తారనుకుంటేనే 3840×2160 పెట్టండి. అప్పుడు తెర ఎత్తు నింపడానికే ఫొటోకు 2160 పిక్సెళ్ళు కావాలి. పాత ఫొటోల్లో చాలావాటికి అంత బలం ఉండదు.

కంప్యూటర్‌లో నిటారుగా ఉన్న ఫొటో, ఎడిటింగ్‌లో ఫొటోలను వరుసగా పేర్చే టైమ్‌లైన్‌లో పక్కకు పడుకుంటోంది. ఎందుకు?

ఫోను చాలాసార్లు ఫొటోను అడ్డంగానే రాసి, 'చూపేటప్పుడు దీన్ని తిప్పు' అని ఒక గుర్తును ఫైలులో వదులుతుంది. ఫొటోలు చూసే యాప్ ఆ గుర్తును గౌరవిస్తుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు పట్టించుకోవు. టైమ్‌లైన్‌లో ఒక్కొక్కదాన్ని 90 డిగ్రీలు తిప్పడం కన్నా, ఫొటో యాప్‌లో తెరిచి కొత్త జేపెగ్‌గా ఎగుమతి చేయడం మేలు. అప్పుడు తిప్పిన రూపమే శాశ్వతంగా నిలుస్తుంది.

ఫిట్, ఫిల్ అని రెండు కనిపిస్తున్నాయి. ఏది ఎంచుకోవాలి?

ఫిట్ అంటే ఫొటో అంతా కనిపిస్తుంది, పక్కన ఖాళీ మిగులుతుంది. ఫిల్ అంటే తెర నిండుతుంది, ఫొటో పైనా కిందా తెగుతుంది. ప్రాజెక్టు మొత్తానికి ఫిట్ పెట్టుకుని, అవసరమైన ఫొటోలకే ఫిల్ చేయండి. ముందే ఫిల్ పెడితే తల తెగిన ఫొటో ఎక్కడో మీ కంట పడకుండా తప్పించుకుని నేరుగా తెర మీద కనిపిస్తుంది. ఫైనల్ కట్‌లో ఇది స్పేషియల్ కన్ఫామ్ కింద ఉంటుంది. డావిన్చీ రిజాల్వ్‌లో ప్రాజెక్టు సెట్టింగుల్లోని ఇమేజ్ స్కేలింగ్‌లో ఉంటుంది. ప్రీమియర్ ప్రో వాడేవారికి ఒక జాగ్రత్త. 'స్కేల్ టు ఫ్రేమ్ సైజ్' ఫొటోను ఫ్రేము కొలతకు కుదించేస్తుంది కాబట్టి తరువాత జూమ్ చేస్తే మసకబారుతుంది. 'సెట్ టు ఫ్రేమ్ సైజ్' అసలు పిక్సెళ్ళను అలాగే ఉంచి కొలత అంకెను మాత్రమే మారుస్తుంది. కొత్త వెర్షన్లలో పేర్లు మారినా ఈ తేడాను గుర్తుంచుకోండి.

## ఫ్రేములో అమర్చేటప్పుడు

కొంచెం సాగదీసి తెర నింపేస్తే ఎవరికి తెలుస్తుంది?

అందరికీ తెలుస్తుంది. 3:4 ఫొటోను 16:9కి సాగదీస్తే మనిషి వెడల్పు 2.37 రెట్లవుతుంది. 'కొంచెం' సాగదీసినా, రోజూ చూసే ముఖంలో పది శాతం తేడాను కూడా ఇంటివారి కన్ను వెంటనే పసిగడుతుంది. కారణం చెప్పలేకపోవచ్చు గానీ 'అమ్మ ఇలా ఉండేది కాదే' అంటారు. ఫొటోను ఎప్పుడూ సాగదీయవద్దు. ఈ పేజీలో నేను వెసులుబాటు లేకుండా చెప్పే మాట ఇదొక్కటే.

జూమ్ చేసి తెర నింపితే ఎంత పోతుంది? ఎప్పుడు అలా చేయవచ్చు?

3:4 ఫొటోను 1920 వెడల్పుకు పెంచితే ఎత్తు 2560 అవుతుంది. తెర మీద కనిపించేది 1080 మాత్రమే. అంటే 58 శాతం ఫొటో పోతుంది. నడుము నుంచి పైకి తీసిన ఫొటోల్లో ఇది కుదరవచ్చు. పట్టు పరికిణీతో నిలబడ్డ పాప ఫొటోలో పరికిణీ అంతా పోతుంది.

చాలామంది ఆలోచించని మధ్యేమార్గం ఒకటి ఉంది. ఫొటోను చదరంగా కోయండి. 1080×1080 చదరంలో 3:4 ఫొటోలో నాలుగో వంతే పోతుంది. అది కూడా సాధారణంగా పైన ఉండే పైకప్పు, కింద ఉండే నేల. తెరలో 56 శాతం నిండుతుంది, ముఖం మూడో వంతు పెద్దదవుతుంది. నేను చేసిన వీడియోల్లో ఎక్కువసార్లు వాడింది ఈ పద్ధతే.

వెనుక అదే ఫొటోను బ్లర్ చేసి పెడుతున్నాను. కానీ చవకగా కనిపిస్తోంది. ఏమి తప్పు చేస్తున్నాను?

బ్లర్ తక్కువగా, వెలుతురు ఎక్కువగా ఉండి ఉంటుంది. వెనుక ముఖం గుర్తుపట్టేలా ఉంటే కన్ను రెండు ముఖాల మధ్య ఊగిసలాడుతుంది. కాబట్టి కళ్ళు, ముక్కు పూర్తిగా కరిగిపోయి రంగులు మాత్రమే మిగిలేదాకా బ్లర్ పెంచండి. తరువాత వెనుక పొర వెలుతురును సగానికి తగ్గించండి. రంగుల గాఢతను కూడా కొంత తగ్గించండి. తెల్ల గోడ ముందు తీసిన ఫొటోలకు ఇది మరీ అవసరం. లేకపోతే రెండు పక్కలా ట్యూబులైట్లు పెట్టినట్టు ఉంటుంది.

బ్లర్ వేశాక అంచుల వెంట నల్లటి నీడ కనిపిస్తే వెనుక పొరను 110 శాతానికి పెంచండి, ఆ నీడ తెర బయటకు పోతుంది. ముందున్న ఫొటోకు సన్నని అంచు గీతో, మెత్తని నీడో ఇస్తే వెనుకదానితో కలిసిపోదు. ముందు ఫొటో కదులుతుంటే వెనుకదాన్ని కదపవద్దు. ఇంకొక చిట్కా ఉంది. వెనుక పొరను బాగా పెంచి, ముఖం కాకుండా చీర రంగో, తోట పచ్చదనమో ఉన్న భాగం తెరలోకి వచ్చేలా జరపండి. ఆ ఫొటో రంగే తెరంతా పరుచుకుంటుంది, పెద్ద ముఖం మాత్రం వెనుక ఉండదు.

అందరూ బ్లరే వాడుతున్నారు. నలుపు అలాగే వదిలేస్తే తప్పా?

తప్పు కాదు. నలుపు నేపథ్యంలో ఒక్క నిలువు ఫొటో నిశ్చలంగా ఉంటే చూపు నేరుగా మనిషి మీదకే వెళుతుంది. సంవత్సరీకం వీడియోల్లో నేను బ్లర్ దాదాపు వాడను. పాత నలుపు తెలుపు ఫొటోల వెనుక వాటి బూడిదరంగునే బ్లర్ చేస్తే పొగమంచులా ఉంటుందే తప్ప అందం రాదు. అక్కడ నలుపో, ముదురు గోధుమరంగో గౌరవంగా ఉంటుంది. పెళ్ళి వీడియోలో మాత్రం వరుసగా పది ఫొటోలు నలుపులో వస్తే ఉత్సాహం పడిపోతుంది. ముదురు మెరూన్, నెమలికంఠం రంగు, పసుపు కలిసిన గోధుమ వంటివి ప్రయత్నించండి. ఏ రంగైనా వీడియో అంతటా ఒకటి రెండుకు మించి వద్దు.

ప్రొజెక్టర్ మీద చూపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. వెలుతురున్న గదిలో ప్రొజెక్టర్ నలుపు బూడిదరంగుగా కనిపిస్తుంది. అక్కడ ముదురు రంగే నయం.

రెండు నిలువు ఫొటోలను పక్కపక్కన ఎలా పెట్టాలి?

అడ్డ తెరకు నిలువు ఫొటోలు జంటగా వచ్చినప్పుడే బాగా అతుకుతాయి. లెక్క కూడా కలిసి వస్తుంది. 810 వెడల్పున్నవి రెండు పెడితే 1620, మిగిలిన 300ను మూడు భాగాలు చేస్తే అంచులకు, మధ్యకు నూరేసి పిక్సెళ్ళు.

అంతకన్నా ముఖ్యమైనది ఏ రెండింటిని జత చేస్తారన్నది. తల్లి పెళ్ళినాటి ఫొటో, కూతురి పెళ్ళినాటి ఫొటో. అయిదేళ్ళ నాన్న, అయిదేళ్ళ మనవడు. ఇలాంటి జంట తెర మీదకు రాగానే హాలులో మాటలు ఆగిపోతాయి. కేవలం చోటు నింపడానికి ఏవో రెండింటిని కలిపితే చూసేవారు వాటి మధ్య సంబంధం వెతుకుతూ రెండింటినీ సరిగా చూడరు.

రెండు ఫొటోల్లోనూ కళ్ళు ఒకే ఎత్తులో ఉండేలా, ముఖాలు ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండేలా సర్దండి. ఎడమ ఫొటోలోని మనిషి కుడివైపు, కుడి ఫొటోలోని మనిషి ఎడమవైపు చూస్తుంటే బాగుంటుంది. అలా లేకపోతే ఫొటోల చోట్లు మార్చండి, అంతేగానీ ఫొటోను అద్దంలోలా తిప్పవద్దు. ఎడమ భుజం మీది పైట కుడి భుజానికి వస్తుంది, జంధ్యం తప్పు వైపుకు మారుతుంది, వెనుక ఉన్న దుకాణం బోర్డు మీది అక్షరాలు కుడి ఎడమలు తిరగబడతాయి. ఇంట్లోని పెద్దావిడ ముందుగా పట్టుకునేది ఆ పైటనే.

మూడు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. 9:16 ఫొటోలు మూడు పూర్తి ఎత్తులోనే పడతాయి. 3:4 ఫొటోలైతే ఒక్కొక్కటి 600×800కు తగ్గించండి. మధ్య ఖాళీలు 30 పిక్సెళ్ళేసి, పైనా కిందా 140 మిగులుతాయి. ఒకే వేడుకలో వరుసగా తీసిన ఫొటోలకు ఇది బాగుంటుంది. నాలుగు మాత్రం వద్దు, ముఖాలు తపాలా బిళ్ళలవుతాయి.

ఒక్క ఫొటోనే ఉంచి, పక్క ఖాళీని ఇంకెలా వాడవచ్చు?

ఫొటోను మధ్యలో కాక ఎడమకు జరిపితే కుడివైపు ఎనిమిది వందల పిక్సెళ్ళకు పైగా ఒకేచోట దొరుకుతాయి. అక్కడ పేరు, ఊరు, సంవత్సరం రాయవచ్చు. కానీ నాకు ఇష్టమైనవి ఇంటి వస్తువులు. ఆ ఫొటోలో అమ్మ కట్టుకున్న చీర ఇంకా బీరువాలో ఉంటే, దాని అంచును పగటి వెలుతురులో ఫొటో తీసి నేపథ్యంగా పరచండి. తాతయ్య చేతిరాతతో ఉన్న ఇన్లాండ్ లెటర్, నాటి శుభలేఖ, మార్కుల జాబితా, మొదటి ఉద్యోగపు ఉత్తర్వు వంటివి స్కాన్ చేసి, కాస్త మసకచేసి ఫొటో పక్కన ఉంచండి. కొన్న డిజైన్లలోని పూలతీగలు, మెరుపు చుక్కలు ఏ కుటుంబానికైనా అతుకుతాయి. ఆ చీర అంచు మాత్రం ఈ కుటుంబానిదే. ఉత్తరంలో ఇతరులు చదవకూడని మాటలు, ఇంటి చిరునామా ఉంటే ఆ భాగం కనిపించకుండా చూసుకోండి.

కృత్రిమ మేధతో పక్కల బొమ్మను పెంచే సదుపాయం ఉంది కదా. వాడవచ్చా?

స్టూడియో తెర, ఆకాశం, ఇసుక, వట్టి గోడ ఉన్న ఫొటోలకు వాడవచ్చు. మనిషి భుజమో, చేయో ఫొటో అంచుకు తగులుతుంటే వద్దు. యంత్రం లేని చేతిని గీస్తుంది, నగను మారుస్తుంది, పక్కన ఎవరినో నిలబెడుతుంది. చనిపోయినవారి ఫొటోల్లో నేను అసలు వాడను. పాత ఇంటి వరండా పక్కన ఏముండేదో ఇంటివారికి గుర్తుంటుంది. మనం కల్పించిన గోడ వారి జ్ఞాపకాన్ని చెరుపుతుంది.

నిలువు, అడ్డ ఫొటోలు మారిమారి వస్తుంటే చూడటానికి కుదుపుగా ఉంది. ఏం చేయాలి?

ఒకటి విడిచి ఒకటిగా కాకుండా గుంపులుగా కూర్చండి. మూడు నాలుగు నిలువువి, తరువాత కొన్ని అడ్డంవి. నిలువు ఫొటో నుంచి అడ్డ ఫొటోకు మారేచోట మెల్లని డిజాల్వ్ (ఒకటి కరుగుతుండగా మరొకటి తేలే మార్పు) వేయండి. అధ్యాయం ముగిసే చోట నిండు అడ్డ ఫొటో వస్తే తెర ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది.

రెండు వందల ఫొటోలున్నాయి. ఒక్కొక్కదానికి ఇదంతా చేయాలా?

ఒక ఫొటోకు కొలత, అంచు, నీడ సరిగా కుదిరాక దాని లక్షణాలను కాపీ చేసి మిగతావాటికి అతికించవచ్చు. దాదాపు అన్ని కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లలో ఈ వీలుంది. తరువాత ఒక్కో ఫొటో దగ్గర ఆగి ముఖం ఎక్కడ పడిందో మాత్రం కంటితో చూసుకోవాలి. నిజానికి రెండు వందలు ఎక్కువ. ఎనభైకి తగ్గిస్తే ఒక్కో ఫొటోకు మీరు ఇచ్చే శ్రద్ధ పెరుగుతుంది, చూసేవారి శ్రద్ధ కూడా.

## కదలిక ఇచ్చేటప్పుడు

ప్రతి ఫొటోకూ జూమ్ ఇవ్వాలా?

అవసరం లేదు. నిశ్చల ఫొటో మీద కెమెరాను మెల్లగా కదిపే ఈ పద్ధతికి అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ పేరు స్థిరపడింది. 1990లో వచ్చిన అంతర్యుద్ధ డాక్యుమెంటరీలో ఆయన పాత ఫొటోలను ఇలా చూపించారు. అక్కడ ప్రతి కదలికా ఒక ముఖం వైపో, ఒక వివరం వైపో నడిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే జూమ్‌కు అలాంటి ఉద్దేశం ఉండదు, ఫొటో మధ్యలోకి వెళుతుంది. నిలువు ఫొటోలో మధ్య అంటే తరచుగా మనిషి పొట్ట. కాబట్టి కదలిక ముగిసే చోటు ముఖం అయ్యేలా మీరే కీఫ్రేములు (కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే గుర్తులు) పెట్టండి. అయిదు సెకన్లలో 100 నుంచి 106 శాతం దాకా చాలు.

నిలువు ఫొటో మీద కింది నుంచి పైకి జరిపితే బాగుంటుందా?

మెల్లగా జరిపితే చాలా బాగుంటుంది. ఇబ్బంది వేగంతోనే. తెర వెడల్పంతా నిండిన 3:4 ఫొటోను అడుగు నుంచి పైదాకా జరపాలంటే 1480 పిక్సెళ్ళు ప్రయాణించాలి. అయిదు సెకన్లలో అంటే సెకనుకు దాదాపు 300, కళ్ళు తిరుగుతాయి. ఫొటోను 1200 వెడల్పు, 1600 ఎత్తుకు పెట్టి, పక్కల ముదురు రంగు ఉంచండి. ప్రయాణం 520 పిక్సెళ్ళకు తగ్గుతుంది. ఏడు సెకన్లు ఇవ్వండి. చీర కుచ్చిళ్ళ దగ్గర మొదలై, చేతి గాజుల మీదుగా సాగి ముఖం దగ్గర ఆగాలి. చివర ఒక సెకను కదలకుండా నిలపండి. పై నుంచి కిందికి జరిపి పాదాల దగ్గర ముగించవద్దు. చూపు ఇంకా ముఖం కోసమే వెతుకుతుంటుంది.

జూమ్ అవుతుంటే ఫొటో సన్నగా వణుకుతోంది. ఎందుకు?

కదలిక మరీ నెమ్మదిగా ఉన్నప్పుడు, జరీ అంచు, జుట్టు, కిటికీ ఊచల వంటి సన్నని గీతలు ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు గెంతుతూ వణికినట్టు కనిపిస్తాయి. అవసరానికి మించి ఎన్నో రెట్లు పెద్ద ఫొటోను ఫ్రేములోకి కుదించినప్పుడు ఇది ఎక్కువ. ముందే ఫొటోను కావలసిన కొలతకు కొంచెం పైన, అంటే 3000 పిక్సెళ్ళ లోపు, తగ్గించి తెచ్చుకోండి. అతి స్వల్పమైన బ్లర్ కూడా సాయపడుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసి చూడకుండా తీర్మానించవద్దు. ఎడిటింగ్ కిటికీలో కనిపించే వణుకు కొన్నిసార్లు తుది వీడియోలో ఉండదు.

ఒక్కో ఫొటో ఎంతసేపు ఉంచాలి?

ఒక్కరున్న నిలువు ఫొటోకు నాలుగు సెకన్లు, జంట ఫొటోలకు ఆరు, పేరు లేదా మాట రాసి ఉంటే గట్టిగా రెండుసార్లు చదివేంతసేపు. వంద ఫొటోలు అయిదేసి సెకన్లు ఉంచితే 8 నిమిషాల 20 సెకన్లు అవుతుంది. భోజనాల వేళకు ముందు హాలులో అంతకు మించి వద్దు.

నిలువుగా తీసిన ఫోను వీడియోలు కూడా మధ్యలో ఉన్నాయి. వాటి వెనుక కూడా బ్లర్ వేయాలా?

వీడియో వెనుక అదే వీడియో బ్లర్‌గా కదులుతుంటే చూపు చెదురుతుంది. ఆ వీడియోలోని ఒక ఫ్రేమును స్థిరంగా తీసి, ముదురుగా చేసి వెనుక పెట్టండి. పాప మొదటి అడుగులు వేస్తున్న వీడియో అయితే పక్కన ఏమీ వద్దు, నలుపు చాలు.

## పేర్లు, మాటలు రాసేటప్పుడు

తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. ఏం చేయాలి?

సాఫ్ట్‌వేర్‌లోని అక్షరాల యంత్రాంగం భారతీయ లిపులను కూర్చలేకపోతే ఇలా అవుతుంది. ప్రీమియర్ ప్రోలో అయితే గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల ఎంపిక ఉంటుంది, దాన్ని ఎంచుకుని మళ్ళీ తెరవండి. అలాంటి వీలు లేనిచోట, తెలుగు సరిగా కనిపించే వేరే సాఫ్ట్‌వేర్‌లో రాసి, వెనుక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోండి. డీటీపీ చేసేవారు అను ఫాంట్లలో కూర్చి ఇచ్చిన మాటలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు కాబట్టి మీ దగ్గర అర్థంకాని గుర్తులుగా తెరుచుకుంటాయి. వారినే పీఎన్‌జీగా ఇవ్వమనండి. రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఎగుమతికి ముందు పేర్లను ఇంట్లో ఇంకొకరితో చదివించండి. పెద్దవారి పేరులో ఒత్తు పోతే ఎన్ని ఫొటోలు అందంగా అమర్చినా లాభం లేదు.

పేరును ఫొటో మీద రాయాలా, పక్కన రాయాలా?

నిలువు ఫొటో పక్కన అంత చోటుండగా మనిషి మీద రాయడమెందుకు? పక్కనే, ముఖం ఉన్న ఎత్తుకు దగ్గరలో రాయండి. తెర అంచుల నుంచి 5 శాతం లోపలికి ఉంచండి. 1920×1080లో అంటే పక్కల 96, పైనా కిందా 54 పిక్సెళ్ళు. కొన్ని పాత టీవీలు అంచులను కొంత మింగేస్తాయి.

## తెర మీద చూపించేటప్పుడు

ఇంట్లో బాగానే ఉంది. హాలులోని ఎల్ఈడీ తెర మీద అందరూ పొడుగ్గా కనిపించారు. ఎందుకు?

ఆ తెర 16:9 ఆకారంలో ఉండి ఉండదు. ఎల్ఈడీ తెరను చిన్న పలకలతో పేర్చి కడతారు కాబట్టి ఏ ఆకారమైనా రావచ్చు. మన హాళ్ళలో తరచుగా కనిపించే 12×8 అడుగుల తెర 3:2. మీ వీడియో 12 అడుగుల వెడల్పుకు 6.75 అడుగుల ఎత్తే తీసుకుంటుంది. మిగిలిన అడుగుంపావు ఖాళీని నింపడానికి ఆపరేటరు నిలువుగా సాగదీస్తే ప్రతి మనిషీ 18 శాతానికి పైగా పొడుగవుతాడు. ఒకసారి నేను ఎంతో శ్రద్ధగా సర్దిన వీడియో ఇలాగే ఆడింది. అప్పటి నుంచి తెర వెడల్పు, ఎత్తు ముందుగా అడిగి తెలుసుకోనిదే ప్రాజెక్టు తెరవను. 3:2 తెర అని తెలిస్తే 1620×1080లో ప్రాజెక్టు చేయండి. నిలువు ఫొటోలకు అది మరింత అనుకూలం. 3:4 ఫొటోలు రెండు పెడితే ఖాళీ లేకుండా సరిగ్గా పడతాయి.

ఇదే వీడియోను ఫోను స్టేటస్‌కు నిలువుగా మార్చవచ్చా?

మొత్తం వీడియోను మార్చవద్దు. అందులోంచి పది నిలువు ఫొటోలు ఎంచుకుని 1080×1920లో విడిగా చేయండి. 3:4 ఫొటో అక్కడ 1080×1440 వస్తుంది. పైనా కిందా 240 పిక్సెళ్ళేసి మిగులుతాయి, పేరు కింద రాసుకోవచ్చు.

ఆడించే ముందు ఏమి సరిచూసుకోవాలి?

వీలైతే ముందు రోజు, లేదా అతిథులు రాకముందు ఆ తెర మీదే ఒక నిమిషం ఆడించండి. ప్రాజెక్టు మొదట్లో గుండ్రని వృత్తం ఉన్న ఒక ఫ్రేమును విడి ఫైలుగా దాచుకుని తీసుకువెళ్ళండి. తెర మీద వృత్తం గుండ్రంగా కనిపిస్తే ముఖాలూ సరిగా ఉంటాయి. కోడిగుడ్డులా కనిపిస్తే ఆపరేటరును పిలిచి సాగదీయడం ఆపించండి. తరువాత చివరి వరుస కుర్చీ దగ్గరకు నడిచి వెళ్ళి, అక్కడి నుంచి నిలువు ఫొటోలోని ముఖం గుర్తుపట్టగలుగుతున్నారో లేదో చూడండి. తాతయ్య స్నేహితులు సాధారణంగా కూర్చునేది అక్కడే.